గడప ముందు మోకు

మా మేనమామ బొంబాయి నుంచి నున్నటి గుండుతో దిగిన రోజు మా వాడకట్టు వాడకట్టంతా ఏడవడానికి తయారైంది. అప్పట్లో సిద్దిపేటలో మాకు గుండంటే రెండే లెక్కలు. వేములవాడ రాజన్నకు మొక్కు తీర్చి అయినా ఉండాలి, ఇంట్లో ఎవరైనా పోయి అయినా ఉండాలి. బొంబాయి నుంచి వచ్చేవాడికి దారిలో వేములవాడ తగలదు. కాబట్టి చావేనని తేల్చుకుని పక్కింటి ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉరికొచ్చింది.

"ఎవలు పోయిన్రు కొడుకా?"

"ఎవ్వలు పోలేదు చిన్నమ్మా. ఊకెనే తీయించుకున్న."

"ఊకెనే గుండు చేపిచ్చుకుంటరా ఎవలన్న! నీ బొంబాయి పాడుగాను!" అని ఆవిడ తెచ్చుకున్న ఏడుపును మళ్ళీ వెంట తీసుకుపోయింది.

అది పెద్ద యుద్ధం నడుస్తున్న కాలం. పెట్రోలు దొరక్క పట్నం బస్సు వెనక ఒక పొయ్యి కట్టుకుని బొగ్గు పొగ మీద నడిచేది. దిగినవాళ్ళంతా కమ్మరి కొలిమిలోంచి వచ్చినట్టుండేవాళ్ళు. మామ గుండు మీద కూడా మసి పేరుకుంది. నేనే నీళ్ళు పోసి కడిగాను. కడుగుతుంటే ఆయన చంకలో సంచిని మాత్రం తడవనీయలేదు. అందులో అట్ట ఊడిపోయిన ఒక చిన్న మరాఠీ పుస్తకం ఉంది. మామ భార్య పోయి మూడేళ్ళయింది. ఆ దిగులులో ఉన్నప్పుడు మిల్లులో పక్కన పనిచేసే మరాఠీ మనిషి ఒకాయన బుద్ధుడి మాటలు చెప్పి, ఆ పుస్తకం చేతిలో పెట్టాడట. ఆనాటి నుంచి మామకు అదే లోకం.

మామను పిలిపించింది మాత్రం బుద్ధుడి కోసం కాదు. మా అవ్వ, అంటే మా అమ్మ, చదువొచ్చిన ఒకాయన కాళ్ళావేళ్ళా పడి తమ్ముడికి జాబు రాయించింది. అందులో సంగతి ఒక్కటే. మీ బావ చెట్టెక్కుతలేడు, నీ మిల్లులో ఏదన్న పని చూసి నీ వెంట తీసుకుపో.

మాది కల్లు గీసే ఇల్లు. మా నాయిన ఇరవై ఏళ్ళు తాటిచెట్లెక్కాడు. చెట్టు చుట్టూ, తన నడుము చుట్టూ కలిపి వేసుకునే మందపాటి తాడును మోకు అంటారు. నార, తోలు కలిపి పేనుతారు. పైన మనిషిని పట్టి నిలిపేది అదే. అందుకే మోకుకు మా ఇళ్ళల్లో దేవుడంత మర్యాద. ఆడవాళ్ళు దాన్ని ముట్టకూడదు, ఎంత మాత్రం దాటకూడదు. ఆడది దాటిన మోకుతో ఎక్కినవాడు తన కాళ్ళతో దిగడని మా నాయనమ్మ నాకు నడక వచ్చినప్పటి నుంచి చెప్పింది.

దీపావళి వెళ్ళిన వారానికి నాయిన పడ్డాడు. మోకు తెగింది. రెండు నిలువుల ఎత్తే కాబట్టి ప్రాణం దక్కింది. కాలు, భుజం విరిగాయి. కట్టు కట్టేవాళ్ళు కట్టారు, పసర్లు పోసేవాళ్ళు పోశారు. నాలుగు నెలలకు కాలు కుదిరింది, భుజం కుదిరింది. నాయిన నడుస్తున్నాడు, కట్టెలు కొడుతున్నాడు, కానీ తాటివనం వైపు తల కూడా తిప్పడు. కులపెద్ద వచ్చి, "ఉగాది దాక సూస్తం. గప్పటికి ఎక్కకుంటె నీ చెట్లు పాలోళ్ళకు పంచుతం, ఏమనుకోకు" అని చెప్పి పోయాడు. పాలోళ్ళంటే ఆ తాటివనంలో మాతో వాటా ఉన్న మా కులంవాళ్ళే. కులపెద్ద తప్పేం లేదు. గీయని చెట్టును చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటారు?

నాకప్పుడు పదిహేనేళ్ళు. నాయిన పడిన పొద్దున ఏం జరిగిందో నాకొక్కదానికే తెలుసు. నెత్తిన నిండు నీళ్ళబిందెతో వచ్చాను. గడపకు అడ్డంగా మోకు పడి ఉంది. నాయిన అటు తిరిగి కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. నాయినను పిలిచి, మోకు తీయించి, అప్పటిదాకా బిందె మోస్తూ నిలబడాలి. ఎవరికుంది అంత ఓపిక! కాలెత్తి దాటేశాను. పొద్దు బారెడెక్కకముందే నాయినను మంచం మీద మోసుకొచ్చారు.

నేను ఎవరికీ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా నాయిన మూలుగు వినబడి నోరు మూసుకునేదాన్ని. ఇప్పుడు నాయిన బొంబాయి పోతే, ఆ మిల్లులో దగ్గుతూ బతికితే, అదంతా నా కాలి వల్లే. ఈ భయంతోనే నాలుగు నెలలు గడిపాను. మామ వచ్చిన రోజు అది ఇంకాస్త పెరిగింది.

మామకు నెల రోజుల సెలవుంది. బావను ఒప్పించడం ఒక పనైతే, బుద్ధుడి సంగతి నలుగురికి చెప్పడం ఇంకో పని. చెప్పాలంటే మనుషులు కావాలి. పొద్దున మగ్గాలకు, పొలాలకు పోయేవాళ్ళు ఎవరు నిలబడతారు? పొద్దు వాలే వేళకు తీరికగా కూర్చున్న మనుషులు దొరికే జాగ ఒక్కటే, మా కల్లు మండువ. మండువంటే ఏముంది, తాటికమ్మల పందిరి, నాలుగైదు కుండలు, వాటి వెనక మా అవ్వ. నాయిన ఎక్కకపోయినా పాలోళ్ళు తెచ్చిన కల్లు అవ్వే అమ్మేది. మత్తు ముట్టొద్దని చెప్పే ధర్మాన్ని మా మామ అక్కడ మొదలుపెట్టాడు. ఆ ఒక్క సంగతి మాత్రం చివరిదాకా దాచుకున్నాడు. ఆపాటి తెలివి ఉంది.

"దునియాల దుఃఖమున్నది" అన్నాడు మొదటి రోజు, గొంతు సవరించుకుని.

"గది మాకెర్కలేదా? గందుకే గదా గీడికొచ్చింది" అన్నాడు తాత. ఈ తాత మగ్గం మీద చీరలు నేసే ముసలాయన. మండువకు అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక పోయేవాడు. ఊరందరికీ తాతే.

"దుఃఖమంటె ఒట్టి ఏడ్పు గాదు తాతా. పుట్టుడు, ముసలైపోవుడు, రోగం, సావు, గివన్నీ దుఃఖమే. నచ్చినోళ్ళు దూరమైతె దుఃఖం. నచ్చనోళ్ళ పక్కన కూసునుడు దుఃఖం. కోరింది దొరకకుంటె దుఃఖం."

"నచ్చనోళ్ళ పక్కనా? గట్లయితె నువ్వు జర అవతలికి జరుగు" అన్నాడు ఒకడు. పందిరి కదిలేలా నవ్వారు. మామ కూడా నవ్వాడు. మామలో నాకు నచ్చిన గుణం అదే. ఎవరు వెక్కిరించినా ముందు తను నవ్వి తర్వాత చెప్పేవాడు.

రోగం ఉందని చెప్పి ఊరుకుంటే వైద్యుడు కాడు కదా. అందుకని రెండో రోజు రోగానికి కారణం చెప్పాడు. తృష్ణ. అంటే దాహం. ఆ మాట వినగానే తాత కల్లు తాగే తాటాకు దొన్నె, అదే రేక, బోర్లించి చూపించి, "నాకు సమజైంది" అన్నాడు. మామ ఆ రేకనే పట్టుకున్నాడు.

"గీ రేక నిండంగనే ఖుషీ అయితవు. తాగంగనే ఇంకోటి గావాలె. అదయినంక ఇంకోటి. కల్లొక్కటే గాదు తాతా. ఇల్లు, పొలం, పేరు, పిల్లలు, అన్నిట్ల గంతే. నాది, నాకే ఉండాలె, ఎప్పటికుండాలె అని మనం గుంజుతుంటం. అది ఉండదు. దునియాల ఏదీ ఉన్నది ఉన్నట్టు ఉండదు. గుంజుతున్న చెయ్యే నొస్తది."

ఒకరిద్దరు రేకలు కింద పెట్టారు. మా అవ్వకు భయమేసి, "నువ్వు నా గిరాకీ చెడగొట్టకురా తమ్మీ" అంది.

మూడో రోజు ఆ దాహం తీరితే దుఃఖం ఆగుతుందన్నాడు. నూనె అయిపోతే దీపం ఆరినట్టు ఆగిపోతుంది, దాన్నే నిర్వాణం అంటారన్నాడు. చచ్చిపోవడమా అని ఎవరో అడిగితే, కాదు, బతికుండగానే లోపలి మంట చల్లారడం అన్నాడు. దానికి దారి ఎనిమిది పాయలుగా ఉంటుందట. సరైన చూపు, సరైన ఆలోచన, సరైన మాట, సరైన పని, సరైన బతుకుదెరువు, సరైన ప్రయత్నం, సరైన ఎరుక, మనసును ఒక్కచోట నిలపడం. నేను వాటిని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని బట్టీ పట్టాను. ఇప్పటికీ లెక్కపెడితే ఒకటి తక్కువ వస్తుంది, ఏది తప్పిపోయిందో వెతుక్కోవాలి.

"ఎనిమిది మెట్లన్నట్టు" అన్నాడు నాయిన. అదే మొదటిసారి ఆయన నోరు విప్పడం. పందిరి చివర గుంజకు ఆనుకుని కూర్చునేవాడు.

"మెట్లు గాదు బావా. ఒకటెక్కినంక ఇంకోటి ఎక్కుడు గాదు. ఎనిమిది కలిసి నడవాలె. నువ్వు చెట్టెక్కంగ కత్తి, కాళ్ళ బందం, మోకు అన్నీ వెంట ఉండాలె గదా, గట్ల."

మోకు మాట వినగానే నాయిన లేచి దులుపుకుని వెళ్ళిపోయాడు. మామ నాలుక కరుచుకున్నాడు. నేను కుండల వెనక తల దించుకున్నాను.

అందరికంటే తాతకు ఈ ముచ్చట బాగా ఎక్కింది. ఒకరోజు మామ, "నేను, నేను అనుకుంటం గని విడిగ నేనన్న గట్టి వస్తువు ఒకటి ఎక్కడ లేదు" అన్నాడు. తాత రేక కింద పెట్టాడు.

"నేను లేనంటవు. మరి గిప్పుడు తాగిందెవలు? ఇంటికి పోతె మా ముసల్ది తిట్టేది ఎవలిని?"

"నీ మగ్గం మీద చీరె ఒకటి ఉన్నది గదా తాతా. నిలువుపోగు చీరెనా?"

"గాదు."

"అడ్డపోగు చీరెనా? అంచు చీరెనా? రంగు చీరెనా?"

తాత తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. "అన్ని కలిస్తె చీరె. ఒక్కటి గుంజితె అన్ని వస్తయి" అన్నాడు. మర్నాడు వస్తూనే మామ మీద విరుచుకుపడ్డాడు. "నిన్న నువ్వు చెప్పిందే తలుచుకుంట నేసిన. పోగులు తెగినయ్. నీ పాపమే!"

ఇక ఐదు శీలాల రోజు వచ్చింది. ప్రాణం తీయొద్దు అన్నాడు, సరే అన్నారు. ఇవ్వనిది తీసుకోవద్దు, పరాయి మనిషి జోలికి పోవద్దు, అబద్ధమాడొద్దు అన్నాడు, సరేసరే అన్నారు. అబద్ధం దగ్గర ఒకరిద్దరు దగ్గారు. ఐదోది మత్తు ముట్టొద్దు అనేసరికి మండువ మొత్తం లేచి నిలబడింది.

"గీ ముచ్చట మొదలే చెప్పాలె గద!" అన్నాడు తాత, మోసపోయిన మొహంతో. "ఇన్ని దినాలు ఇన్నది వాపసు తీస్కో!"

మామ అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "తాగుడే గాదు, అమ్ముడు గూడ సరైన బతుకుదెరువు గాదన్నడు" అనేశాడు. అవ్వ చేతిలో ముంత అట్లాగే ఉండిపోయింది. నాయిన మెల్లగా లేచి వచ్చి మామ ముందు కూర్చున్నాడు.

"బామ్మర్దీ, నువ్వు మిల్లుల ఏం జేస్తవు?"

"నూలు వడుకుతం."

"రోజంత దూది మింగుతవు. వచ్చిన కాడికెల్లి దగ్గుతున్నవు. నీ పానాన్ని నువ్వు సంపుకునుడు సరైన బతుకుదెరువా?"

మామ జవాబు చెప్పబోయాడు, నిజంగానే దగ్గొచ్చింది. దగ్గుతూనే నవ్వాడు. "గది గూడ నిజమే బావా. నేను ఇంక దారి మొదట్లనే ఉన్న."

నాయిన నవ్వలేదు. "అయినా వస్త తియ్. ఉగాది పోయినంక నీ వెంబడే వస్త" అన్నాడు. అవ్వ హమ్మయ్య అనుకుంది. నాకు మాత్రం ఇక దాచడం కుదరదనిపించింది.

ఆ మర్నాడు పొద్దున మామ పెరట్లో కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకుంటూ కూర్చున్నాడు. అట్లా ఉన్నప్పుడు పలకరించొద్దని చెప్పేవాడు. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను.

"మామా, తెల్వక చేసిన తప్పు గూడ కర్మనేనా?"

"మనసుల అనుకొని చేసిందే కర్మ" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"అనుకోక చేసినదానికి ఇంకొకలకు దెబ్బ తగుల్తె?"

మామ ఒక కన్ను తెరిచాడు. "ఏం చేసినవే?"

చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఏడుస్తూ కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. మామ అయ్యో అనలేదు, ఏం కాదులే అని తల నిమరలేదు.

"పెద్దలు చెప్పిన్రని నమ్మకు, పుస్తకంల ఉన్నదని నమ్మకు, నేను చెప్పిన్నని గూడ నమ్మకు, వచ్చి నువ్వే సూడుమన్నడు బుద్ధుడు. ఒకటి జరిగిందంటె దాని వెనక కారణముంటది. ఏ కారణమో కండ్లతోని సూడాలె. నడువు."

"ఏం సూద్దాం?"

"మోకు."

తెగిన మోకు నాలుగు నెలలుగా అటక మీదే ఉంది. దాని వైపు ఎవరూ చూసింది లేదు. మామ దించి ఎండలో పరిచాడు. నేను నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. ముట్టొద్దు కదా. తెగిన చోట తోలు పగుళ్ళు పట్టి, లోపలి నార పొడిపొడిగా రాలుతోంది. ఆ నార మీద సన్నటి వేరే నార గట్టిగా చుట్టి ఉంది. అది కూడా అక్కడికక్కడే తెగింది.

"గీ కట్టు ఎవలు గట్టిన్రే?"

"నాయినే. ఇంకెవలు ముట్టరు."

"ఎప్పుడు?"

నాకు చప్పున వెలిగింది. పడ్డాక కట్టిన కట్టయితే తెగి ఉండదు. పడకముందే కట్టింది. అంటే అది తెగబోతోందని నాయినకు ముందే తెలుసు. మొదట ఒళ్ళంతా తేలికైంది. మరుక్షణం ఎక్కడలేని కోపం వచ్చింది. నాలుగు నెలలు నేను అన్నం సయించక, నిద్ర పట్టక చస్తుంటే ఈ మనిషికి ముందే తెలుసా!

అంతే. వంగి మోకును రెండు చేతులా ఎత్తుకున్నాను. మామ "ఓ పిల్లా" అంటూనే ఉన్నాడు. తీసుకుపోయి, అన్నం తింటున్న నాయిన ముందు పడేశాను. అవ్వ గుండె బాదుకుంది. "ముట్టినవా! ఓ ఎల్లమ్మ తల్లీ, గీ పొల్ల మోకు ముట్టింది!"

"నాయినా, గిది తెగుతదని నీకెర్కేనా?"

నాయిన చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. "ఎర్కే" అన్నాడు.

"మరెందుకెక్కినవు?"

"మా నాయిన మోకు బిడ్డా అది. ఆయన చేతులు పట్టిన జాగ నల్లగైంది, గిటు సూడు. కొత్తది తెస్తె దీన్ని ఏం జెయ్యాలె? ఇడ్వబుద్ధి కాలే. గీ ఒక్కేడు నడుస్తదనుకున్న."

మామ అలవాటు కొద్దీ అన్నాడు, "గిదే బావా తృష్ణ అంటె. ఉండనిదాన్ని పట్టుకొని గుంజుడు."

నాయిన తలెత్తి చూశాడు. "తృష్ణ గాదు. మా నాయిన."

మామ వంగి ఆ నల్లటి జాగను వేలితో తడిమాడు.

ఇంతలో అవ్వ నేల మీద కూలబడి ఏడుపందుకుంది. "నా వల్లనే పడ్డవనుకున్నయ్యా! ఎల్లమ్మకు పుంజును ఇస్తనని మొక్కి మరిచిన. నువ్వు పడ్డంక ఎవలకు చెప్పక మూడు కోళ్ళను కోసిన."

"మూడా! పిల్లి ఎత్తుకపోయిందంటివి గదనే!" అన్నాడు నాయిన.

"పిల్లి లేదు, గిల్లి లేదు."

ఆ పిల్లి కోసం నేను కట్టె పట్టుకుని ఎన్ని పొద్దులు కాపలా కాశానో! నాయినకు నవ్వాగలేదు. అతుకుపడిన భుజం పట్టుకుని నవ్వాడు. ప్రాణం తీయొద్దని చెప్పిన మామ, మూడు కోళ్ళ లెక్క విని తల పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుల మధ్యలోనే నేను అనేశాను.

"నేను మోకు దాటిన నాయినా. నువ్వు పడ్డనాడు."

నవ్వులు ఆగిపోయాయి. నాయిన చెయ్యి కడుక్కున్నాడు, నింపాదిగా తుడుచుకున్నాడు.

"ఎర్కే బిడ్డా."

"అటు తిరిగి కూసుంటివి గదా!"

"ఎండ పొడ వచ్చింది. నీ నీడ గోడ మీద దాటింది."

"మరి ఎందుకు ఒర్రలే?"

"నెత్తి మీద నిండు బిందె ఉన్నది. ఒర్రితె బెదిరి పడేస్తవని ఊకున్న."

అక్కడితో ఆపితే సరిపోయేది. నాయిన ఆపలేదు. "అబద్ధమెందుకు బిడ్డా. నార చీకిపోయిందని నాకెర్కే. అయినా కింద పడంగ నాకు నార యాదికి రాలే. నీ కాలే యాదికొచ్చింది. నా తప్పు నాకెర్కయి గూడ నీ మీద వెట్టింది నా మనసు. గంత సిగ్గు నాకు జన్మల కాలే. మల్ల ఎక్కి మల్ల పడితె, నొప్పిల నోరు జారి నలుగురి ముంగట నీ పేరు తీస్తనేమో అని... గందుకే ఎక్కుతలేను. నాకు చెట్టు భయం గాదు."

ఆ మాటలకు నాకు ఏడుపు రాలేదు. పోయి నాయిన పక్కన ఆనుకుని కూర్చున్నాను. అవ్వ మిగిలిన అన్నం తెచ్చి అందరికీ తలా ముద్ద పెట్టింది.

ఆ తర్వాత నాయిన రెండు రోజులు ఇంట్లో కనబడలేదు. నంగునూరుకు పోయాడని మూడో రోజు తెలిసింది. అక్కడ మోకులు పేనే పెద్దమనిషి ఉండేవాడు.

ఉగాది ముందురోజు పొద్దున చెట్ల సంగతి తేల్చడానికి కులపెద్ద, నలుగురు పాలోళ్ళు వచ్చారు. మామ బస్సు కూడా ఆ రోజే. సెలవు ముందే అయిపోవచ్చిందని బావ కోసం ఉగాది దాకా ఆగలేకపోయాడు. సంచి భుజాన వేసుకుని, వెనక నుంచి రమ్మని చెప్పడానికి నిలబడి ఉన్నాడు. తాత కూడా వచ్చాడు, ఏ పనీ లేకుండానే. నేను నీళ్ళబిందెతో వచ్చేసరికి వీళ్ళంతా మా గడప ముందున్నారు. నాయిన లోపల నుంచి పసుపు పచ్చగా మెరిసే కొత్త మోకు తెచ్చి, గడపకు అడ్డంగా పెట్టాడు.

"దాటు బిడ్డా."

"ఏందిర గీ పని!" కులపెద్ద రెండడుగులు ముందుకొచ్చాడు. "పానం మీదికి తెచ్చుకుంటవా?"

"నా మోకు, నా బిడ్డ" అన్నాడు నాయిన. "దాటు."

నాకు కాలు లేవలేదు. నాలుగు నెలల కిందట ఓపిక లేక దాటిన కాలు ఇదేనా అనిపించింది. నాయనమ్మ మాట చెవుల్లో గింగిరాలు తిరుగుతోంది. బిందెలో నీళ్ళు తొణికి మొహం మీద పడ్డాయి. ఉన్న ఓపికంతా కూడదీసుకుని దాటాను.

నాయిన మోకు భుజాన వేసుకుని నడిచాడు. మేమంతా వెంట పడ్డాం. చెట్టు మొదట్లో మామ ఉండబట్టలేక, "ఒక్కొక్క ఊపిరి సూస్కుంట ఎక్కు బావా" అన్నాడు.

"నా ఊపిరి నేను సూస్కుంట, నువ్వు నీ బస్సు సూస్కో."

ఎక్కాడు. మోకు పైకి విసరడం, కాళ్ళు జరపడం, మళ్ళీ మోకు విసరడం. రెండు నిలువుల దగ్గర ఒక్కసారి ఆగాడు. పోయినసారి తెగిన ఎత్తు అది. పక్కన చూస్తే మామ కళ్ళు మూసుకుని చేతులు జోడించి ఉన్నాడు. "కల్లు వద్దన్నోడే మొక్కుతుండు సూడున్రి" అని తాత గొణిగాడు. ఆయన చేతులు కూడా జోడించే ఉన్నాయి. మోకు మళ్ళీ కదిలింది. కాసేపటికి పైనుంచి కమ్మలు నరుకుతున్న చప్పుడు వచ్చింది.

నాయిన తన కాళ్ళతోనే దిగాడు. నేరుగా మామ దగ్గరకొచ్చి, చెమట తుడుచుకుని అన్నాడు. "వచ్చి సూడుమన్నడట గదా మీ బుద్ధుడు. నేను ఎక్కి సూసొచ్చిన."

మామకు బస్సు తప్పిపోయింది. మర్నాడు మా ఇంట్లో ఉగాది పచ్చడి తిని, ఒక్కడే బొంబాయి పోయాడు. పోయేముందు నాకు బొగ్గు ముక్కతో గోడ మీద అ, ఆలు రాసిచ్చి దిద్దుకోమన్నాడు. పెద్దయ్యాక పుస్తకాలు చదివితే మామ చెప్పినవాటిలో ఒకటి రెండు వరసలు అటూ ఇటూ అయ్యాయని తెలిసింది కానీ, సంగతిలో పెద్ద తేడా కనబడలేదు. పాత మోకును నాయిన ఆ చెట్టు మొదట్లోనే గుంత తీసి పాతిపెట్టాడు.

ఆ రోజు నుంచి నాయిన చెట్టుకు పోయేముందు మోకును గడప ముందు పెట్టేవాడు, నేను బిందెతో దాటేదాన్ని, ఆయన భుజాన వేసుకుని పోయేవాడు. మూడేళ్ళు ఇదే వరస. తర్వాత నన్ను దౌల్తాబాద్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. నేను అత్తగారింటికి పోయిన తెల్లారి నాయిన మోకును గడప ముందు పెట్టి, దాటేవాళ్ళు లేక, దాని పక్కనే కూర్చుండిపోయాడట. పొద్దెక్కుతోంది, మనిషి లేవడు. చివరికి మా అవ్వ, మూడు కోళ్ళు కోసిన మా అవ్వ, ఎల్లమ్మను నాలుగుసార్లు తలుచుకుని, ఖాళీ బిందె నెత్తిన పెట్టుకుని దాటిందట. అప్పుడు లేచాడట.

ఆ ఏడు మామ వచ్చినప్పుడు నేనూ పుట్టింట్లోనే ఉన్నాను. ఈ సంగతి విని మామ గుండు మీద చెయ్యేసుకున్నాడు.

"ఓ బావా! దాటొద్దన్న నమ్మకాన్ని పోగొట్టుకొని, దాటాల్నన్న నమ్మకాన్ని పెట్టుకున్నవా! మల్ల గదే తృష్ణ గదా!"

నాయిన మోకు భుజాన వేసుకుంటూ నావైపు చూశాడు.

"తృష్ణ గాదు బామ్మర్దీ. నా బిడ్డ."